ఒక బుట్టలో నలభై ఒక్క మంది

ఫిబ్రవరి 2, నీళ్లొచ్చిన ముప్పై ఒకటో ఏడు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. బల్లకట్టు పుస్తకంలో రాయవలసినవి మూడే: ఎంతమంది ఎక్కారు, గాలి ఎటునుంచి ఉంది, తాడు ఎక్కడ అరిగింది. పూర్వం పెదకాలవ మీద, నీళ్లొచ్చాక సముద్రమూ కొల్లేరూ కలిసిపోయిన ఈ మడుగు మీద, నలభై ఏళ్లుగా అవే రాస్తున్నాను. నా చదువు కూడా ఈ పుస్తకాల్లోనే జరిగింది. పాతవాళ్లు రాసింది చదివి అక్షరాలు, వాళ్ల తప్పులు దిద్ది వ్యాకరణం. అంతకుమించి రాయడం నా పని కాదు. అదీగాక డెబ్భై నాలుగేళ్ల వాణ్ణి, కూర్చుని కథలు రాస్తుంటే తాడు ఎవరు లాగుతారు?

కాని ఈ రోజు సాయంత్రం మొదటి గడి దగ్గరే ఆగిపోయాను. అవతలి గట్టు నుంచి మోరు రాఘవమ్మ ఒక్కతే ఎక్కింది. చేతిలో బుట్ట, బుట్ట పైన ఒక కాగితం. ఎక్కినవారు 'ఒకరు' అని రాశాను.

"కొట్టెయ్ బావా," అంది రాఘవమ్మ. "నేను నలభై ఒక్క మందినంట."

"ఎప్పట్నించి?"

"రెండేళ్ల నించంట. మునసబు ఇయ్యాలే కనిపెట్టాడు."

నవ్వాను. ఆమె నవ్వలేదు. కాగితం నా చేతికిచ్చి బుట్ట పక్కన కూలబడింది.

ఈ పుస్తకం ముందుముందు ఎవరైనా చదివితే మునసబు ఎవరని అడుగుతారు. ఎవరూ కాదు. దిబ్బ మీద సంత మొదట్లో ఉన్న ఇనప స్తంభం. సర్కారు దానికి పొడుగాటి పేరేదో పెట్టింది, మాకు నోరు తిరగలేదు. మా పరజలంకలో ఓటు వయసొచ్చిన ప్రతి మనిషికీ మెడలో ఒక హాజరు బిళ్ల ఉంటుంది, పేరున్నంతకాలం అది పచ్చగా వెలుగుతుంది. నెలకొకసారి బిళ్ల ఆ స్తంభం కిందుగా వెళ్తే మనిషి ఉన్నట్టు, ఓటు ఉన్నట్టు. వరసగా మూడు నెలలు వెళ్లకపోతే పేరు పోతుంది.

దిబ్బ, అంటే నీళ్లెక్కని మెట్టనేల, మాకు రెండు గంటల దారి. రాఘవమ్మ వారానికోసారి ఎండుచేపలు అమ్ముకోడానికి ఎలాగూ వెళ్తుంది. మా లంకలో ఒకరు వెళ్తున్నారంటే అందరి పనులూ వాళ్ల చేతిలో పెట్టడం మామూలు. ఒకరు మందుల షాపుకి బయలుదేరితే ఊరందరి చీటీలూ వెళ్తాయి. అలాగే నెల మొదట్లో నలభై మంది తమ బిళ్లలు తీసి ఆమె బుట్టలో వేస్తారు. ఆమె చేపల కింద పెట్టుకుని వెళ్లి, స్తంభం దాటించి తెచ్చి, ఇంటింటికీ తిరిగి ఎవరిది వాళ్లకిస్తుంది. చేపల వాసన పోవడానికి వారం పడుతుంది, అంతకుమించి ఎవరికీ ఇబ్బంది లేదు.

కాగితంలో ఇలా ఉంది: "దిగువ పేర్కొన్న నలభై ఒక్క పేర్లూ ఒకే వ్యక్తివి. ఒకే నడక, ఒకే వేగం, ఒకే దారి. అసలు పేరు మోరు రాఘవమ్మగా నిర్ధారణ అయినది. మిగిలిన నలభై పేర్లు జాబితా నుంచి తొలగించడమైనది."

వాటిలో పదకొండోది సైదు పెద్దిరాజు. అంటే నేను.

ఎక్కినవారు: తేల్చలేదు. గాలి ఈశాన్యం.

ఫిబ్రవరి 4

మిగతా రోజుల్లో అయితే ఇది మూడు నెలలు నవ్వుకునే సంగతి. కాని మార్చి పదిన ఓటింగు ఉంది. లంక ఖాళీ చేసి అందరం దిబ్బ మీదికి వెళ్లిపోవాలా, ఇక్కడే ఉండాలా అన్నది మేమే ఓటేసి తేల్చుకోవాలి. వార్డులో యాభై మంది ఓటర్లుంటేనే ఆ హక్కు. యాభైకి తగ్గితే మమ్మల్ని అడగరు, జిల్లా ఆఫీసులో ఎవరో సంతకం పెడతారు, మంచినీళ్ల గొట్టం కోసేస్తారు. మేము అరవై ముగ్గురం. ఇప్పుడు కాగితం ప్రకారం ఇరవై ముగ్గురం.

పొద్దుట బలేవాళ్ల యేసుపాదం వల బాగుచేసుకుంటూ అన్నాడు. "నా లోపల రాగవమ్మత్త ఉందని నాకింతకాలం తెలీదు బాబాయ్. అందుకే గావాల, ఎండుచేప కనపడితే నోరూరుద్ది."

రాఘవమ్మ అక్కడే ఉంది. "నవ్వరా నవ్వు. నా పేరొక్కటే మిగిలింది, మీయన్నీ పోయినియ్. రేపు ఊరంతా నన్నే అంటది."

"ఎవరంటారత్తా? అనేవోళ్లందరూ నువ్వే గదా!"

ఆమె తడి గోనె తీసి వాడి వీపు మీద ఒకటి వేసింది.

ఎక్కినవారు పద్నాలుగు. తాడు మూడో కప్పీ దగ్గర అరిగింది.

ఫిబ్రవరి 8

ఎన్నికల ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇందుప్రియ అని పేరు, ముప్పై ఏళ్లుండవు. బల్లకట్టు నడి మడుగులోకి వచ్చేసరికి ముఖం పాలిపోయింది. నిమ్మకాయ కోసి వాసన చూడమన్నాను. నా బల్లకట్టు మీద వాంతి చేసుకోని సర్కారు మనిషిని ఇంతవరకు చూడలేదు. ఈ అమ్మాయి ఆపుకుంది. అప్పుడే అనుకున్నాను, గట్టిది అని.

ఊరందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పింది. పేరు పోయినవాళ్లు ఒక్కొక్కరే ఆమె తెచ్చే చిన్న యంత్రం ముందు ఇరవై అడుగులు నడవాలి. పద్దెనిమిదిన పరీక్ష. నడక వేరని తేలితే మనిషి వేరని ఒప్పుకుంటుంది.

"నడవలేనోళ్లు?" అని అడిగాడు యేసుపాదం. మంచం దిగనివాళ్లు మాలో తొమ్మిది మంది.

"వాళ్ల గురించి రూల్లో ఏమీ లేదండీ," అంది ఆమె. తల వంచుకునే చెప్పింది.

అందరూ లేచాక నన్ను పక్కకి పిలిచింది. "తాతగారూ, ఒక మాట. ఆ యంత్రం దిబ్బ మీదివాళ్లని చూసి నడకలు నేర్చుకుంది. మీరందరూ ఒకేలా నడుస్తారు. పొద్దుటి నుంచీ చూస్తున్నాను, నాకే తేడా తెలియడం లేదు."

నిజమే. ముప్పై ఏళ్లుగా మాకు నేల లేదు. ఇంటి నుంచి ఇంటికి వెదురు తడికల వంతెనలు. వాటి మీద నడవాలంటే కాళ్లు ఎడంగా వేయాలి, మోకాళ్లు వదులుగా ఉంచాలి, బరువు మడమల మీద మోపాలి. దిబ్బ సంతలో మమ్మల్ని ఫర్లాంగు దూరం నుంచే పోల్చుకుంటారు. పరజల్లా నడుస్తారని వెక్కిరిస్తారు. అసలు పరజ పిట్ట ఎలా నడుస్తుందో వాళ్లెవరూ చూసి ఉండరు. మా లంకకి ఆ పేరు తెచ్చిన పిట్టలు నా పెళ్లినాటికే రావడం మానేశాయి. నేను చూశాను కనక చెప్తున్నాను, అవి మాకంటే అందంగా నడిచేవి.

ఎక్కినవారు ఆరుగురు.

ఫిబ్రవరి 12

ఈ సలహా నాది. తరవాత ఎవరూ నన్ను వెనకేసుకు రాకుండా ఇక్కడే రాసిపెడుతున్నాను.

ఊరి మొత్తం మీద బల్లకట్టు ఒక్కటే కాస్త కదలని చోటు. తాళ్లు బిగించి, గట్టుకి కట్టి, నడవగలిగిన ముప్పై ఇద్దరినీ ఎక్కించాను. "మన నడకలన్నీ ఒకటైపోయాయి. నీళ్లు రాకముందు నేల మీద నడిచిన మనుషుల్ని తలుచుకోండి. మీ నాన్నా, మీ అమ్మా, మీ తాతా. ఎవరి మనిషిలా వాళ్లు నడవండి. ముప్పై ఇద్దరు, ముప్పై రెండు నడకలు," అన్నాను. చెప్తున్నప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదట అంతా నవ్వులాట. ఒకావిడ తల మీద లేని బిందె పెట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, వాళ్లమ్మలా నడిచింది. ఇంకొకాయన వాళ్ల తాతలా చేతులు వెనక్కి కట్టుకుని ఎవరినో కోప్పడుతున్నట్టు నడిచాడు. "మీ తాత అంత మెల్లిగా నడిస్తే అప్పులోళ్లకి దొరికిపోయేవోడు," అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అప్పుడు యేసుపాదం లేచాడు. వాళ్ల నాన్న దావీదు నా ఈడువాడు. ఐసు పెట్టె మీద పడి కుడి పాదం వంకరపోయింది. ఆ కాలు ఈడుస్తూ, మధ్యలో ఒక్క క్షణం ఆగి, ఎడమ భుజం ఎగరేసి మళ్లీ అడుగేసేవాడు. యేసుపాదం నాలుగడుగులు తప్పుగా వేశాడు. అయిదో అడుగులో భుజం ఎగరేశాడు. అంతే. మా మధ్యలో దావీదు నడుస్తున్నాడు. పన్నెండేళ్లయింది దావీదు పోయి.

వాడు చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, మమ్మల్ని చూసి, "ఏంటలా సూత్తారు?" అన్నాడు.

ఎక్కినవారు ముప్పై ఇద్దరు. ఎటూ వెళ్లలేదు.

ఫిబ్రవరి 18

పరీక్ష అయింది.

రాఘవమ్మ ముందు నడిచింది. ఆమె రాఘవమ్మే అని యంత్రం ఒప్పుకుంది. తరవాత బిందె ఆవిడ నడిచింది. నల్లపెట్టెలోంచి శుభ్రమైన ఆడగొంతు వినిపించింది. "జయమంగళ సీతారత్నం. మరణం నమోదై ఉన్నది. ఓటు హక్కు లేదు."

సీతారత్నం ఆవిడ తల్లి.

నీళ్లొచ్చిన కొత్తలో ఇళ్లు మునిగినవాళ్లని లెక్కపెట్టడానికి సర్కారువాళ్లు ఊళ్లన్నీ తిరిగి అందరి నడకలూ పట్టుకున్నారు. మేం మరిచిపోయాం, అది మరిచిపోలేదు. మా అమ్మానాన్నలందరూ దాని కడుపులో ఉన్నారు. మేం వాళ్లలా ఎంత బాగా నడిస్తే అంత బాగా గుర్తుపట్టింది. చచ్చినవాళ్ల ఓట్లు వేయడానికి వచ్చామంది.

ఇందుప్రియ గాభరాపడి, "మామూలుగా నడవండి, మీలా మీరు నడవండి," అని అందరికీ చెప్పింది. మామూలుగా నడిచినవాళ్లందరినీ యంత్రం రాఘవమ్మేనంది. కొందరికి మధ్యలో కాళ్లు తడబడ్డాయి, ఏ నడకా కాకుండా పోయింది. వాళ్లే నెగ్గారు.

యేసుపాదానికి మామూలుగా నడవమని చెప్పేలోపే మొదలెట్టేశాడు. కాలీడ్చాడు, ఆగాడు, భుజం ఎగరేశాడు. "బలే దావీదు. మరణం నమోదై ఉన్నది. ఓటు హక్కు లేదు."

వాడు పెట్టె ముందే నిలబడిపోయాడు. ఇందుప్రియ, "ఇంకొక అవకాశం అడుగుతానండీ, మీరు వేరేగా నడిస్తే..." అంటోంది.

"వద్దు మేడం గారూ," అన్నాడు. "ఆ పేరు ఇంకోపాలి సెప్పమనండి."

ఆ అమ్మాయి ఏదో నొక్కింది. యంత్రం మళ్లీ చెప్పింది. వాడు తల ఊపి పక్కకి వెళ్లి కూర్చున్నాడు.

నన్నూ యంత్రం రాఘవమ్మేనంది. నేనెవరి నడకా నడవలేదు. మా నాన్న పడవలోనే పుట్టి పడవలోనే పోయాడు. ఆయన నడక నాకు గుర్తే లేదు.

లెక్క: నడిచినవారు ముప్పై ఇద్దరు. రాఘవమ్మతో కలిపి నెగ్గినవారు ఎనిమిది మంది. చచ్చినవారు పదకొండు మంది. రాఘవమ్మలు పదముగ్గురు. మొదటి నుంచీ పేరున్న ఇరవై ఇద్దరితో కలుపుకుంటే ఊరు మొత్తం ముప్పై మంది. యాభై కావాలి.

ఫిబ్రవరి 20

ఇందుప్రియ మళ్లీ వచ్చింది. ఈసారి నిమ్మకాయ తనే తెచ్చుకుంది. నేరుగా రాఘవమ్మ ఇంటికి వెళ్లింది. రాఘవమ్మ వాకిట్లో చేపలు చీలుస్తోంది. నేనూ, యేసుపాదమూ, ఇంకో పాతిక మందీ వెనకాలే వెళ్లి వంతెన మీద నిలబడ్డాం.

"ఒకటే దారి ఉందమ్మా. నాకు ఇష్టం లేదు, కాని చెప్పకపోతే తప్పవుతుంది," అంది ఆ అమ్మాయి. రూల్లో ఒక చోట ఇలా ఉందట. ఒకరు మోసం చేసి ఇతరుల బిళ్లలు తీసుకువెళ్లారని ఒప్పుకుంటే, ఆ ఇతరులు మోసపోయినవారవుతారు. మోసపోయినవారి పేర్లు ఏ పరీక్షా లేకుండా అప్పటికప్పుడు తిరిగి చేరతాయి. మంచం మీదున్న తొమ్మిది మందివీ చేరతాయి. ఒప్పుకున్నవారి పేరు మాత్రం పోతుంది.

"ఎన్నాళ్లకి?" అంది రాఘవమ్మ.

"ఎప్పటికీ."

"నేను మోశానని రాసుకోండి. బల్లకట్టు నాది, బుట్ట దాటించింది నేను," అన్నాను.

"మునసబు దగ్గరున్నది ఆవిడ నడక తాతగారూ."

యేసుపాదం, "వద్దత్తా," అన్నాడు. ఇంకెవరో వద్దన్నారు. నేను లెక్కపెట్టాను. అంతమందిలో వద్దన్నవాళ్లు పదకొండుగురు. మిగతావాళ్లు నీళ్లకేసి చూశారు. నేనూ వద్దన్నాను. కాని పదకొండోవాడిగా అన్నాను. అది కూడా ఇక్కడ ఉండాలి.

రాఘవమ్మ కత్తి కడిగి పక్కన పెట్టింది. మాతో కాదు, ఆ అమ్మాయితో మాట్లాడింది.

"నాకు పద్దెనిమిదేళ్లప్పుడు మొదటిపాలి ఓటేశానమ్మా. అప్పటికే పెళ్లయింది, కడుపుతో ఉన్నా. మా అత్త, మా ఆయన, మా బావగారు, అందరూ నా ఎనకాలే బయల్దేరారు. ఎవరికెయ్యాలో దారంతా సెప్తానే ఉన్నారు. అక్కడ పోలీసాయన అందర్నీ ఆపేసి, అట్టల ఎనక్కి నన్నొక్కదాన్నే పంపాడు. అంతకుముందు నేనే గదిలోనూ ఒక్కదాన్ని లేను తల్లీ. ఎంతసేపో నిలబడ్డా. బయట్నించి ఏమైందీ, ఏమైందీ అని అరుత్తానే ఉన్నారు. నాకు బయటికి రాబుద్దెయ్యలేదు. తరవాత ఒక్క ఓటు కూడా మానలేదు. ఆ ఒక్కసోట నేనొక్కదాన్ని. ఇప్పుడు నన్ను నలబై ఒక్క మందంటన్నారు."



"సదువు బావా," అంది నాతో.

చదివాను. "నేను దురుద్దేశంతో, నలభై మంది ఓటర్ల గుర్తింపు బిళ్లలను నా ఆధీనంలో ఉంచుకుని..."

"దురుద్దేశం అంటే?"

"చెడ్డ బుద్ధి."

"ఆ మాటొకటి తీసెయ్యమను. మిగతాదంతా ఉండనీ. బిళ్లలు మోశాను, నిజమే గదా."

ఇందుప్రియ కళ్లు తుడుచుకుంది. "ఆ మాట లేకపోతే మునసబు తీసుకోదమ్మా."

రాఘవమ్మ చేతులు చీరకి తుడుచుకుని సంతకం పెట్టింది. వేలిముద్ర కాదు, సంతకమే. రెండు పదాలు, పెద్ద అక్షరాలు. సాయంత్రానికి మా నలభై బిళ్లలూ పచ్చగా వెలిగాయి. ఆమెది ఆరిపోయింది. ఆ అమ్మాయి దాన్ని కవరులో వేసుకుని రసీదు రాసిచ్చింది.

ఎక్కినవారు ఇద్దరు. గాలి రాయడం మరిచాను.

మార్చి 10

ఓటింగు. పాత బడి కప్పు మీద డబ్బా పెట్టారు. మెట్ల దగ్గర తాడు కట్టి, పేరు లేనివాళ్లు ఇవతలే ఆగాలన్నారు. రాఘవమ్మ ఇవతలే ఆగింది. నాతో పాటు బల్లకట్టు మీద కూర్చుని, చివరి వంతెన నుంచి బడి దాకా ముసలివాళ్లని దాటించడంలో పొద్దుటి నుంచీ చెయ్యి వేసింది. ఎక్కేవాళ్లు ఆమె ముఖం చూడలేక ఆకాశం చూశారు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక అన్నాను. "నేను వెయ్యను. నీ పేరు తీసేసిన డబ్బాలో నా ఓటు పడదు."

"నాకు తిక్క రేపకు బావా. నా పేరు పోయింది నువ్విక్కడ కూచుని ఈగలు తోలుకోటానికా?"

"అయితే నీ మాట చెప్పు. నీ ఓటు నేనేస్తాను. ఉందామనే గదా?"

ఆమె మోకాలు నొక్కుకుంది. "నేనైతే ఎల్లిపోదామనే ఏసేదాన్ని. నా మోకాళ్లు నీకేం తెలుసు? ఈ తడికల మీద ఇంకెన్నాళ్లు నడుత్తాను? కూతురు దిబ్బ మీదే ఉంది. నేల మీద పడుకుని ముప్పై ఏళ్లయింది."

ఈ ఊరు ఉండాలని ఆమె సంతకం పెట్టిందని నేను, ఊరంతా కూడా, అనుకున్నాం.

"మరెందుకు పెట్టావు?"

"మీరుంటారో ఎల్తారో మీరు సెప్పుకోవాలి గదా. మీ బదులు నేను సెప్తానా?" అంది. వెంటనే లేచి, "నా ఓటు నువ్వు ఎయ్యొద్దు. నీదే నువ్వెయ్యి. మళ్లీ మునసబు ఇద్దరం ఒకటే అంటాడు," అంది.

వెళ్లి నాది నేనే వేశాను. అట్టల వెనక కాసేపు నిలబడ్డాను. ఆమె చెప్పినట్టే ఉంది.

మార్చి 11

ఉందామన్నవారు నలభై ముగ్గురు. వెళ్దామన్నవారు పదిహేడుగురు. మంచం మీదున్నవాళ్లలో ఇద్దరి దగ్గరికి డబ్బా వెళ్లలేదు, వంతెన మోయదన్నారు. గొట్టం ఉంటుంది. పదిహేడుగురు ఎవరో నాకు తెలుసు. వాళ్లూ నా మనుషులే, రోజూ దాటిస్తాను.

యేసుపాదం డప్పు తెచ్చాడు కాని వాయించలేదు.

ఏప్రిల్ 19

ఇందుప్రియ పట్టుబట్టి నన్ను జిల్లా ఆఫీసుకి తీసుకువెళ్లింది. ఓటు రూల్సు మార్చడానికి ముగ్గురు పెద్దలు కూర్చుని, ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చన్నారు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, అయిపోతే గంట మోగుతుంది. నేను రెండు మాటలు కంఠతా పట్టుకున్నాను. ఒకటి: మనిషి గుమ్మం దగ్గరికొచ్చి పేరు పెట్టి పిలవకుండా ఎవరి పేరూ కొట్టేయకూడదు. రెండు: పేరు నిలుపుకోవడానికి ఎవరి చేతా అబద్ధం మీద సంతకం పెట్టించకూడదు, పెట్టించినవి చెల్లవు.

మధ్యలో కూర్చున్న పెద్దాయన మర్యాదకి అడిగాడు. "తమరు ఎంతవరకు చదువుకున్నారు?"

ఒక్క మాటలో చెప్పి ఊరుకోవలసింది. నేను బల్లకట్టు పుస్తకాల గురించి మొదలెట్టాను. పాతవాళ్ల చేతిరాతల గురించి, కొబ్బరి తాడుకీ నైలాను తాడుకీ ఉన్న తేడా గురించి, ఒకసారి తాడు తెగి పెళ్లివారితో సహా రెండు మైళ్లు కొట్టుకుపోవడం గురించి. వాళ్లు నవ్వారు కూడా. నవ్వితే నాకు ఇంకా ఊపొస్తుంది. గుమ్మం మాట గబగబా చెప్పాను. మధ్యలో ఉన్నాయన రాసుకున్నాడు. రెండో మాటకి నోరు తెరిచేసరికి గంట మోగింది.

"ఇంకొకటుందండీ," అన్నాను.

"కాగితం మీద రాసి బయట ఇవ్వండి," అన్నారు. రాసి ఇచ్చాను. అక్కడి డబ్బాలో వేశారు. డబ్బా నిండుగా ఉంది.

దారి పొడుగునా ఆ అమ్మాయి నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 3

కొత్త రూలు వచ్చింది. పేరు కొట్టే ముందు గుమస్తా గుమ్మం దగ్గరికి వెళ్లి మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. కొట్టేసిన పాత పేర్లకి కూడా అలాగే పిలిచి మళ్లీ అవకాశమివ్వాలి. ఇందుప్రియ కబురు పంపింది, మొదట పరజలంకకే వస్తారని.

పదిగంటలకి గుమస్తా వచ్చాడు. నేను బల్లకట్టు మీద దాటిస్తూ అతని చేతిలో కాగితం చదివాను. "నేను దురుద్దేశంతో చేసిన వంచనకు పశ్చాత్తాపపడుతూ, క్షమించి నా పేరు తిరిగి చేర్చవలసిందిగా కోరుతున్నాను." కింద సంతకానికి చోటు.

"ఈ పై మాటలు మార్చడానికి వీలుందా?" అని అడిగాను.

"పిలవమన్నంత వరకే మార్చారండీ. కాగితం పాతదే."

నేను వంతెన మీద అతన్ని దాటుకుని ముందే వెళ్లి రాఘవమ్మకి సంగతి చెప్పాను. లోపల కూర్చుని చేపలు ఏరుతోంది. కాగితంలో ఏముందో అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

అతను గుమ్మం ముందు నిలబడి, "మోరు రాఘవమ్మ గారూ!" అని పిలిచాడు. మంచి గొంతు. ఆమె చెయ్యి ఆగింది.

"పలుకు," అన్నాను. "ఒక్క సంతకమే గదా. మళ్లీ ఓటొస్తుంది. వెళ్దామనే వేద్దువుగాని."

రెండోసారి పిలిచాడు.

"నలబై మంది కోసం ఒకపాలి పెట్టాను బావా," అంది మెల్లిగా. "నా ఒక్కదాని కోసం పెట్టలేను."

మూడోసారి కూడా పిలిచాడు. గుమ్మానికీ ఆమెకీ మధ్య నాలుగడుగులుంటాయి. తలుపు తీసే ఉంది. ఆమె కనపడుతూనే ఉంది కాని అతను లోపలికి చూడలేదు, పుస్తకంలోకి చూస్తున్నాడు. రూలు ప్రకారం అర నిమిషం ఆగి, ఏదో రాసుకున్నాడు.

అతన్ని అవతలి గట్టు మీద దింపాను. దిగేటప్పుడు ఒక చెప్పు బురదలో జారిపోయింది. గెడతో తీసిచ్చాను.

ఎక్కినవారు ఒకరు. గాలి లేదు.